గోడ ముందు సైన్యాన్ని పారేసుకోకండి: టర్న్ గేముల్లో నగరాన్ని ముట్టడించడం ఎలా

గుత్తిలో ఎక్కడ నిలబడి తలెత్తినా కొండ, కొండ మీద కోట కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను కానీ, దాన్ని బయటి నుంచి వచ్చినవాడు ఎలా పట్టుకోగలడు అన్న ప్రశ్న నాకు గేములు ఆడటం మొదలుపెట్టాకే పుట్టింది. లోపల మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే. చుట్టూ నిలువు రాయి. 1776లో హైదర్ అలీ ఆ కోటను తీసుకున్నాడు. గోడ కూలి కాదు, లోపల నీళ్ళు అయిపోయి.

పోయిన వారం అనంతపురం నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎనిమిది మంది కత్తివాళ్ళను పంపినా. ఆరుమంది పోయినారు. గోడకు గీత పడినట్టు కూడా లేదు. గేమ్‌లో ఏమన్నా తప్పుందా?" గేమ్‌లో తప్పు లేదు. టర్న్ గేముల్లో, అంటే వంతులవారీగా ఆడే ఆటల్లో, నగరాన్ని పట్టుకోవడం కావాలనే కష్టంగా పెడతారు. లేకపోతే మొదటి 50 టర్నుల్లో ఎవడు ఎక్కువ మందిని తయారుచేస్తే వాడిదే ఆట అయిపోతుంది. కానీ ఆ కష్టానికి ఒక లెక్క ఉంది. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం సివిలైజేషన్ 6 అనే గేమ్ గురించి, చివరి అప్‌డేట్ల వరకు వేసుకుని ఆడేవాళ్ళ కోసం. ఫోన్ ఆటల సంగతి చివర్లో కొంచెం చెబుతాను.

యుద్ధం ప్రకటించక ముందు

ముందు ఒక గుర్రపువాడినో స్కౌట్‌నో పంపి నగరాన్ని బాగా చూసి రండి. నగరం పేరు పట్టీ దగ్గర రెండు గీతలు ఉంటాయి. ఒకటి ఊరి ప్రాణం, అది ఏ ఊరికైనా 200. రెండోది గోడది. ఆ రెండో గీత లేదంటే గోడ లేదు, గోడ లేని ఊరు బాణం కూడా వేయలేదు. అలాంటి ఊరు కనబడితే ఇంకేమీ ఆలోచించకండి. ముగ్గురు విలుకాళ్ళు, ఇద్దరు ముగ్గురు కత్తివాళ్ళు చాలు, వెంటనే వెళ్ళండి. ఆట మొత్తంలో అంత చవగ్గా దొరికే ముట్టడి మళ్ళీ రాదు. పది టర్నులు ఆలస్యం చేస్తే అవతలివాడు మేసనరీ (రాతి కట్టడం) అనే టెక్నాలజీ నేర్చుకుని గోడ కట్టేస్తాడు.

గోడ ఉంటే అది ఏ కాలం గోడో చూడండి. ఏన్షియంట్ వాల్స్ అయితే 100. దాని మీద మెడీవల్ వాల్స్ కడితే 200, రెనెసాన్స్ వాల్స్ కూడా కడితే 300. స్టీల్ టెక్నాలజీ వచ్చాక ఊళ్ళకు గోడ కట్టకపోయినా 400 రక్షణ దానంతట అదే వస్తుంది. ఈ ఒక్క అంకెను బట్టే మీరు ఏ ఆయుధాలు తీసుకెళ్ళాలో తేలిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఊరి బలం ఊరి సైజును బట్టి రాదు. ఆ రాజ్యం అప్పటిదాకా తయారుచేసిన వాటిలో అన్నిటికన్నా బలమైన యూనిట్‌ను, అంటే సైనిక దళాన్ని బట్టి వస్తుంది. అవతలివాడు ఎక్కడో మూలన ఒక్క నైట్‌ను (కవచం వేసుకున్న గుర్రపు యోధుడిని) తయారుచేసినా, మీ సరిహద్దులో ఉన్న చిన్న పల్లె కూడా గట్టిపడుతుంది. అందుకే సైన్యాన్ని నడిపించుకుంటూ వెళ్ళేటప్పుడు కూడా ఆ నంబరును మళ్ళీ మళ్ళీ చూసుకోండి. దారిలో ఉండగానే పెరిగి ఉండొచ్చు.

పక్కన ఎన్‌క్యాంప్‌మెంట్ (సైనిక శిబిరం) ఉందా అన్నది కూడా చూడండి. దానికి గోడ ఉంటే అది కూడా మీ మీద బాణాలు వేస్తుంది. అంటే టర్నుకు ఒక దెబ్బ కాదు, రెండు. లోపల విలుకాడు కూర్చుంటే మూడు.

పొట్టేలు కొండను ఢీకొంటే

మా తమ్ముడు చేసిన తప్పు ఇక్కడే. కత్తివాళ్ళు గోడ ఉన్న ఊరిని నేరుగా కొడితే గోడకు తగిలేది వాళ్ళ దెబ్బలో దాదాపు 15 శాతమే. మామూలుగా 40 తగలాల్సిన చోట 6 తగులుతుంది. తిరిగి ఊరు కొట్టే దెబ్బ మాత్రం పూర్తిగా తగులుతుంది. 100 ఉన్న గోడను ఆరు ఆరు చొప్పున అరగదీయాలంటే 17 దెబ్బలు కావాలి. అంత లోపల మనవాళ్ళే అయిపోతారు. విలుకాళ్ళది కొంచెం మేలు, వాళ్ళ దెబ్బలో సగం తగులుతుంది. కానీ ఊరి మీద బాణం వేసేటప్పుడు వాళ్ళ బలంలో 17 తగ్గుతుంది కాబట్టి ఆ సగం కూడా చిన్నదే.

పొట్టేలు కొండను ఢీకొన్నట్టు అంటాం కదా. ఈ ఆటలో పొట్టేలు పేరుతోనే ఒక ఆయుధం ఉంది, బ్యాటరింగ్ రామ్. ఇది మాత్రం గోడను నిజంగానే ఢీకొడుతుంది. మేసనరీ తెలిస్తే చాలు, మీరూ చేసుకోవచ్చు. దీన్ని ఒక కత్తివాడి గడిలోనే కలిపి నడిపించి ఊరి పక్క గడికి చేర్చండి. ఒక్కటి చేరినా చాలు, ఊరిని కొట్టే కత్తివాళ్ళు, ఈటెవాళ్ళు అందరి దెబ్బా గోడకు పూర్తిగా తగులుతుంది. గుర్రపువాళ్ళకు మాత్రం ఈ లాభం లేదు, గుర్తుపెట్టుకోండి. నేను మొదట్లో గుర్రాలతో రామ్‌ను తీసుకెళ్ళి రెండు ఆటలు పోగొట్టుకున్నాను.

రామ్ పనిచేసేది ఏన్షియంట్ వాల్స్ మీదే. మెడీవల్ గోడకు సీజ్ టవర్ కావాలి. అది గోడను పగలగొట్టదు, గోడ దాటించి మనవాళ్ళ దెబ్బను నేరుగా ఊరికి తగిలిస్తుంది. రెనెసాన్స్ గోడ వచ్చిందంటే ఈ రెండూ దండగే. అక్కడ ఫిరంగి ఒక్కటే దారి.

ఫిరంగి అంటే మనకు గండికోట ఉంది. ఒక పక్క పెన్నా లోయ, నిలువునా తెగిన రాయి. అటువైపు నుంచి మనిషి ఎక్కే మాటే లేదు. అలాంటి కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా తీసుకున్నాడు. 1652లో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, యూరప్ నుంచి వచ్చిన ఫిరంగివాళ్ళ చేత ఫిరంగులను పైకి చేర్పించి కోటను కొట్టించారని రాశాడు. ఇప్పుడు జమ్మలమడుగు నుంచి వెళ్ళి ఆ కొండ మీద నిలబడితే, ఫిరంగిని పేల్చడం కన్నా దాన్ని అక్కడిదాకా ఎక్కించడమే అసలు యుద్ధం అని అర్థమవుతుంది. ఆటలోనూ అంతే. క్యాటపల్ట్ అంటే ఫిరంగులు రాకముందు కాలంలో గోడల మీద రాళ్ళు విసిరే యంత్రం. దాని దెబ్బ గురించి టెన్షన్ పడక్కర్లేదు. అది ప్రాణంతో చేరుతుందా అన్నదే సంగతి. దాని గురించి కాసేపట్లో చెబుతాను. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది.

నీళ్ళు ఆపండి

ఆటలో ఊళ్ళు టర్నుకు 20 చొప్పున ప్రాణం తిరిగి తెచ్చుకుంటాయి. చిన్న అంకెలా ఉంటుంది. ఐదు టర్నుల ముట్టడిలో అది 100, అంటే ఊరి ప్రాణంలో సగం. మీ ఇద్దరు కత్తివాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని కొట్టినదంతా అది రాత్రికి రాత్రి పూడ్చుకుంటుంది. ముట్టడి విఫలమైన ఆటలు పది చూస్తే అందులో ఎక్కువ వాటికి కారణం ఇదే. దెబ్బ చాలక కాదు, మాన్పు ఆపక.

ఆపడం ఎలాగంటే ఊరిని చుట్టుముట్టాలి. ఊరి చుట్టూ ఆరు గళ్ళు ఉంటాయి. ఆరింటిలోనూ మనుషులు ఉండాలి అనుకుని చాలామంది అసలు ప్రయత్నమే చేయరు. అవసరం లేదు. దగ్గరకు వెళ్ళి కొట్టే యూనిట్, అంటే కత్తివాడు, ఈటెవాడు, తన చుట్టూ ఉన్న గళ్ళను కూడా అదుపులో పెట్టుకుంటాడు. దీన్నే జోన్ ఆఫ్ కంట్రోల్ అంటారు. ఊరికి ఉత్తరాన ఒకడు, సరిగ్గా ఎదురుగా దక్షిణాన ఒకడు నిలబడితే, ఒక్కొక్కడు తను నిలబడ్డ గడితో పాటు అటు ఒకటి ఇటు ఒకటి కలిపి మూడు గళ్ళు మూస్తాడు. మూడూ మూడూ ఆరు. ఇద్దరితో ఊరు మూసుకుపోయింది. ఊరి పట్టీ మీద ముట్టడి గుర్తు పడిందంటే ఇక దానికి నీళ్ళు అందవు, ఆ 20 ఆగిపోతుంది.

కాగితం మీద ఆరు గళ్ళు గీసుకుని ఒకసారి చూడండి, వెంటనే కళ్ళకు కడుతుంది. పక్క పక్కన ఇద్దరిని పెడితే నాలుగు గళ్ళే మూతపడతాయి. ఎదురెదురుగా పెట్టడంలోనే కిటుకంతా ఉంది.

విలుకాళ్ళకూ క్యాటపల్ట్‌లకూ ఈ అదుపు లేదు. పదిమంది విలుకాళ్ళు చుట్టూ నిలబడినా, వాళ్ళు నిలబడ్డ గడి తప్ప పక్క గడి తెరిచే ఉంటుంది.

నది ఉంటే లెక్క మారుతుంది. నదికి ఇవతల నిలబడ్డవాడి అదుపు నది దాటి అవతలి గడికి పోదు. కర్నూలును తలుచుకోండి. ఒక వైపు తుంగభద్ర, ఇంకో వైపు హంద్రి వచ్చి కలుస్తాయి. ఆటలో అలాంటి చోట ఉన్న ఊరికి ఇద్దరు చాలరు, ప్రతి ఒడ్డుకీ ఒక మనిషిని విడిగా పెట్టాలి. పైగా నది దాటి కొట్టేవాడి బలంలో 5 తగ్గుతుంది. కాబట్టి ముందు నది దాటి, అవతలి ఒడ్డున కుదురుకుని, ఆ తర్వాతి టర్నులో కొట్టండి. కొండ ఉంటే మాత్రం మీకు లాభమే. ఎవరూ ఎక్కలేని కొండ గడి మూసినట్టే లెక్క, అక్కడ మనిషిని పెట్టక్కర్లేదు. సముద్రం పక్క ఊరైతే ఓడ లేకుండా బయలుదేరకండి. నీటి వైపు ఒక్క గడి తెరిచి ఉన్నా ముట్టడి గుర్తు పడదు.

గుత్తి కోట ఎక్కితే పైన రాతిలో తొలిచిన నీటి గుంటలు, బావులు కనిపిస్తాయి. అంచున చిన్న మంటపం ఉంది, మురారిరావు గద్దె అంటారు, అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. ఎండాకాలంలో ఆ మెట్లు ఎక్కినవాళ్ళకు, సగం దారిలో నీళ్ళ బాటిల్ అయిపోయినవాళ్ళకు, ముట్టడిలో నీళ్ళు ఎంత పనిచేస్తాయో నేను వేరుగా చెప్పక్కర్లేదు. ఆ గద్దె దగ్గర నిలబడితే కింద మైళ్ళ దూరం కనిపిస్తుంది. శత్రువు ఎక్కడున్నాడో మురారిరావుకు తెలియక కాదు, అన్నీ కనబడుతూనే ఉన్నాయి. నీళ్ళు లేవు.

క్యాటపల్ట్‌ను ప్రాణంతో చేర్చడం

క్యాటపల్ట్ రెండు గళ్ళ దూరం కొడుతుంది. ఊరు కూడా రెండు గళ్ళ దూరమే కొడుతుంది. క్యాటపల్ట్ కదిలిన టర్నులో కొట్టలేదు. ఈ మూడు ముక్కలు కలిపి చూస్తే చిక్కు అర్థమవుతుంది. మీరు రేంజ్‌లోకి వెళ్ళి ఆగిన టర్నులో ఊరిదే మొదటి దెబ్బ.

అందుకే క్యాటపల్ట్‌ను ముందు నడిపించకండి. నేను చేసేది ఇలా ఉంటుంది. ఏన్షియంట్ గోడ ఉన్న ఒక ఊరి మీద, ఇద్దరు కత్తివాళ్ళు, రెండు క్యాటపల్ట్‌లు, ఒక విలుకాడు ఉన్నప్పటి లెక్క చెబుతాను.

మొదటి టర్నులో కత్తివాళ్ళు ఇద్దరూ ఊరికి ఎదురెదురుగా చేరారు. కొట్టలేదు, ఫోర్టిఫై చేసి, అంటే కదలకుండా కాపు కాస్తూ కూర్చున్నారు. క్యాటపల్ట్‌లు మూడు గళ్ళ దూరంలో, ఊరి రేంజ్ బయట ఆగాయి. ఊరు ఒక కత్తివాడిని కొట్టింది. అతనికి దెబ్బ తగిలింది కానీ నిలబడ్డాడు. ముట్టడి గుర్తు పడింది.

రెండో టర్నులో రెండు క్యాటపల్ట్‌లూ ఒకేసారి రెండు గళ్ళ దూరంలోకి వచ్చాయి. ఇది ముఖ్యం. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత వస్తే ఊరు ఒక్కొక్కదాన్ని తీరిగ్గా తినేస్తుంది. రెండూ కలిసి వస్తే ఒకదానికి దెబ్బ తగిలినా రెండోది పూర్తి ప్రాణంతో ఉంటుంది.

మూడో టర్నులో రెండూ కొట్టాయి, దెబ్బకు 40 దాకా. 100 ఉన్న గోడలో 20 మిగిలింది. నాలుగో టర్నులో గోడ పోయింది. గోడతో పాటే ఊరి బాణాలూ ఆగాయి. అప్పటిదాకా కదలకుండా కూర్చున్న కత్తివాళ్ళు ఇప్పుడు లేచి కొట్టడం మొదలుపెట్టారు. ఐదు, ఆరు టర్నుల్లో ఊరు ప్రాణం మొత్తం పోయింది. ఒక్క మనిషి కూడా పోలేదు.

తమ్ముడి ఎనిమిది మంది కత్తివాళ్ళకు పట్టిన ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ సైన్యం.

గోడ మీద దెబ్బలు ఆపకండి. మూడు టర్నులు వరుసగా దెబ్బ తగలకపోతే అవతలివాడు గోడను మళ్ళీ బాగుచేసుకోవచ్చు. మీరు వెనక్కి పోయి సేదతీరి వస్తే మొదటికొస్తుంది. అలసిన యూనిట్లను ఒక్కొక్కటిగా మార్చుకోండి కానీ అందరినీ ఒకేసారి వెనక్కి తీసుకోకండి. శత్రువు నేల మీద మనవాళ్ళకు టర్నుకు 5 మాత్రమే తిరిగొస్తుంది. దానికన్నా ఊరి చుట్టూ ఉన్న పొలాలను దోచుకోండి, ఒక పొలానికి 50 ప్రాణం తిరిగొస్తుంది. అందుకని ఊరి పొలాలన్నీ మొదటి రోజే తొక్కేయకుండా, గాయపడ్డవాడి కోసం రెండు మిగిల్చుకోవడం నా అలవాటు.

గ్రేట్ జనరల్ (సైన్యానికి బలమిచ్చే సేనాని) దొరికితే అతన్ని క్యాటపల్ట్‌ల దగ్గర పెట్టండి. తన కాలానికి సరిపోయే యూనిట్లకు బలం 5, నడక ఒకటి పెరుగుతాయి. ఆ అదనపు నడకతో క్యాటపల్ట్ రేంజ్‌లోకి వచ్చిన టర్నులోనే కొట్టే వీలు వస్తుంది. పైన చెప్పిన చిక్కు అంతటితో తీరినట్టే.

మధ్యలో అడవో మిట్టో ఉంటే క్యాటపల్ట్‌కు ఊరు కనబడదు. రెండు గళ్ళ దూరంలో ఉన్నా కొట్టే బటన్ రాదు. ముందే మౌస్ పెట్టి చూసుకుని గడి ఎంచుకోండి.

లోపలికి అడుగు పెట్టేది ఎవరు

ఊరి ప్రాణం సున్నా అయినా క్యాటపల్ట్‌కు, విలుకాడికి ఊరు దక్కదు. కత్తివాడో ఈటెవాడో గుర్రపువాడో లోపలికి నడవాలి. చివరి దెబ్బకు ఒక్క మెలీ యూనిట్ (దగ్గరకు వెళ్ళి కొట్టేది) అయినా నిలబడగలిగే ప్రాణంతో మిగలాలి. క్యాటపల్ట్‌లతో ఊరిని సున్నాకు తెచ్చి, లోపలికి పంపడానికి మనిషి లేక చూస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. ఒక గుర్రాన్ని వెనక దాచి పెట్టుకోండి, అది చివరి టర్నులో రెండు మూడు గళ్ళు పరుగెత్తి దూరుతుంది.

ఫోన్‌లో ఆడేవాళ్ళకు

అన్‌సివ్ అనే గేమ్ ఉచితంగా దొరుకుతుంది, పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. దాని లెక్క సివిలైజేషన్ 5ది. అక్కడ గోడ లేకపోయినా ప్రతి ఊరూ రెండు గళ్ళ దూరం కొడుతుంది, గోడ ఊరి బలాన్ని పెంచుతుంది. కాబట్టి గోడ లేని ఊరి మీద తొందరపడి వెళ్ళమన్న నా మాట అక్కడ అంతగా చెల్లదు. క్యాటపల్ట్ కొట్టే ముందు దాన్ని సెటప్ చేయాలి, దానికీ నడక ఖర్చవుతుంది. రెండు మూడు కలిపి తేవాలన్న సూత్రం మాత్రం అక్కడ ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

పాలిటోపియా అనే ఇంకో ఫోన్ ఆటలో క్యాటపల్ట్ మూడు గళ్ళు కొడుతుంది. ఊళ్ళో కూర్చున్నవాడిని చంపి, మన మనిషి లోపలికి వెళ్ళి, ఒక టర్ను బతికి ఉంటేనే ఊరు మనది. అంటే లోపలికి పంపేవాడు గట్టివాడై ఉండాలి, చావు దెబ్బ తిన్నవాడిని పంపకండి.

ఊరు వచ్చాక

మళ్ళీ సివిలైజేషన్ 6కే వద్దాం. 2018లో దానికి రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు భాగం వచ్చినప్పటి నుంచి లాయల్టీ (ఊరి విధేయత) అనేది ఒకటి ఉంది. చుట్టూ శత్రువు ఊళ్ళు ఉంటే, మీరు పట్టుకున్న ఊరు కొన్ని టర్నుల్లో తిరగబడి చేజారిపోతుంది. ఊళ్ళో సైన్యాన్ని ఉంచండి, వెంటనే గవర్నర్‌ను పంపండి. మిగతా గవర్నర్లు కుదురుకోవడానికి ఐదు టర్నులు పడితే విక్టర్ అనే గవర్నర్‌కు మూడే పడుతుంది. అందుకే ముట్టడి చివరి దశలో ఉండగానే విక్టర్‌ను ఖాళీగా పెట్టుకుంటాను. లాయల్టీ బాణం కిందికే చూపిస్తుంటే పక్క ఊరిని కూడా తీసుకోవాలి. ఒత్తిడి వచ్చేది అక్కడి నుంచే.

పట్టుకున్న ఊరికి గోడ పగిలే ఉంటుంది. అవతలివాడు మీ క్యాటపల్ట్‌ల మీదకే వస్తాడు, అవి దగ్గరి యుద్ధంలో నిలబడలేవు. లోపలికి ఒకడు వెళ్ళగానే మిగిలిన కత్తివాడిని క్యాటపల్ట్‌ల ముందుకు జరపండి.

తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇద్దరు కత్తివాళ్ళు, రెండు క్యాటపల్ట్‌లు, ఒక రామ్. నిన్న రాత్రి స్క్రీన్ ఫోటో పంపాడు. ఊరికి ఎదురెదురుగా ఇద్దరూ ఉన్నారు, కానీ మధ్యలో నీలం గీత. నది. "అవతలి ఒడ్డుకు ఈటెవాడిని పంపు, గుర్తు పడ్డాకే క్యాటపల్ట్ కదుపు" అని మెసేజ్ పెట్టాను.